కలిసివచ్చుటయు, నెరవేర్చుటయు

ఇంగ్లీషు మాటలు మన యిండ్లలోనికి అతిథులవలె వచ్చి, కొంతకాలమునకు ఇంటివారై, తుదకు పెత్తనము చేయుచున్నవి. అట్టివానిలో 'సక్సెస్సు' అను మాట యొకటి. నాటకము సక్సెస్సు, వ్యాపారము సక్సెస్సు, సభ సక్సెస్సు. పెండ్లిచూపుల వేళ వరుని గుణమును గూర్చి విచారించుటకు మాఱుగా, ఆతడు జీవితములో సక్సెస్సయినవాడేనా యని యడుగుదురు. దీనికి తోబుట్టువువలె కనబడు మాట మఱియొకటి కలదు. అది 'అచీవుమెంటు'. పాఠశాలల వార్షికోత్సవములలోను, పత్రికల ప్రకటనలలోను ఈ రెండు మాటలను జంటగా ప్రయోగింతురు. తెలుగు చేయవలసివచ్చినప్పుడు రెంటికిని 'విజయము' అని వ్రాసి యూరకుందురు.

ఒక్క తెలుగు మాటతో పని జరుగుచుండగా, పరభాషలోని రెండు మాటల భేదముతో మనకేమి ప్రయోజనమని చదువరులు తలంపవచ్చును. భేదము నిఘంటువులలో నున్నంతవఱకు అది పండితుల పని. ఆ భేదమును మఱచుటవలన ఇంటిలోని బిడ్డల బ్రదుకులకే హాని కలుగునపుడు అది ప్రతి గృహస్థునకును, ప్రతి గృహిణికిని సంబంధించిన పని యగును. కావున కొంచెము ఓపికతో విచారింతము.

సక్సెస్సు అను మాటకు మూలము లాటినుభాషలో నున్నది. 'వెనుక నడచుట', 'పిమ్మట వచ్చుట' యని దాని తొలి యర్థము. పదునాఱవ శతాబ్దమున అది ఇంగ్లీషులో ప్రవేశించిన నాడు ఒక పని వెంట వచ్చు పర్యవసానమును మాత్రమే తెలిపెడిది. ఆ పర్యవసానము మంచిదైనను సక్సెస్సే, చెడ్డదైనను సక్సెస్సే. అందుచేతనే ఆ కాలపు రచయితలు 'మంచి సక్సెస్సు', 'చెడ్డ సక్సెస్సు' అని విశేషణమును చేర్చి వాడుకొనిరి. కాలక్రమమున చెడ్డది రాలిపోయి మంచిది మాత్రము మిగిలినది. ఈ మాటకు దాయాది యొకటి మన కుటుంబములకు చక్కగా తెలిసియే యున్నది. తండ్రి గతించిన పిమ్మట బ్యాంకులోని సొమ్మునకై కొడుకులు కోర్టుకు పోయి తెచ్చుకొను పత్రమును 'సక్సెషను సర్టిఫికెట్టు' అందురుగదా! ఆ సక్సెషనును, ఈ సక్సెస్సును ఒక్క తల్లి బిడ్డలే. ఒకరి వెనుక ఒకరికి వచ్చునది వారసత్వము. పని వెనుక వచ్చునది సక్సెస్సు. రెంటియందును 'వచ్చుట' యే ముఖ్యము.

తెలుగున దీనికి సరియైన మాట లేకపోలేదు. 'కలిసివచ్చుట' యని మన పెద్దలు అనుచుందురు. కలిసివచ్చే కాలానికి నడిచివచ్చే కొడుకు పుడతాడని సామెత. ఎత్తుకొని పెంచు శ్రమ కూడ లేకుండ నడచుచు వచ్చిన కొడుకు! అదృష్టమునకు ఇంతకంటె చక్కని బొమ్మను గీయుట కష్టము. విజయమునందు మన చేతిది కాని పాలు ఎంత కలదో ఈ సామెతను కల్పించిన పల్లెటూరివారికి బాగుగా తెలియును. పట్టణములలో చదివిన మనము దానిని మఱచితిమి.

అచీవుమెంటు త్రోవ వేఱు. అది ప్రాచీన ఫ్రెంచిభాషనుండి వచ్చినది. 'తలకు తెచ్చుట', అనగా కొసకు చేర్చుట, ముగించుట యని దాని మూలార్థము. ఇందు వచ్చుట లేదు, తెచ్చుట కలదు. చేయువాడొకడు, చేయబడు పని యొకటి, ఆ పనికి కొస యొకటి కలవు. తెలుగున 'నెరవేర్చుట' యన్న మాట దీనికి సరిపోవును. 'సాధించుట' యని కూడ నందురు. ఆ మాటలోని చిక్కును గూర్చి ముందు చెప్పెదను.

ఈ రెంటి భేదమును పొలములో చూచినచో తేటపడును. రైతు దుక్కి దున్ని, విత్తు చల్లి, కలుపు తీసి, తెగుళ్లనుండి కాపాడి, పంటను కోసి కళ్లమునకు చేర్చెను. అది నెరవేర్పు. బజారులో ఆ యేట మిర్చికి ధర పలికెనా, అది సక్సెస్సు. అంతే పంటకు అంతే శ్రమపడిన రైతునకు మఱునాటి యేడు ధర పడిపోవచ్చును. అప్పుడాతడు వ్యవసాయము తెలియనివా డయ్యెనా? కాలేదు. వానలు, ఇతర దేశముల పంటలు, వర్తకుల గిడ్డంగులు, ప్రభుత్వపు ఉత్తరువులు అన్నియు కూడి ఆ ధరను నిర్ణయించును. ఆతని చేతిలో నున్నది పంట వఱకే. పంటయు వాన చేతిలో నున్నదికదా యని యెవరైన అనవచ్చును. నిజమే. నెరవేర్పునకును పరుల సాయము, ప్రకృతి సాయము వలయును. అయినను, వాన కురిసినంతమాత్రమున దున్నని చేను పండదు. లాటరీ చీటీకి మాత్రము దున్నకయే పండును.

నెరవేర్పు గొప్పదై, సక్సెస్సు కొఱవడిన జీవితమునకు మన తెలుగువారిలోనే ఒక మహోదాహరణము కలదు. ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 సంవత్సరమున భీమవరమున జన్మించెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమాఱులు తప్పి మూడవమాఱు గట్టెక్కెను. మద్రాసు వైద్యకళాశాలలో చదివి యెం.బి.బి.యెస్. పట్టమునకు మాఱుగా, దానికంటె తక్కువదిగా నెంచబడు ఎల్.ఎం.ఎస్. పట్టమును మాత్రమే పొందెను. అమెరికాకు పోయి హార్వర్డులో ఫిస్కెతో కూడి, శరీరమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని కనిపెట్టి 1925లో ప్రకటించెను. కండరములకు శక్తి నిచ్చు పదార్థములను గూర్చి వారిరువురును పిమ్మటి సంవత్సరములలో చేసిన పరిశోధనలు జీవరసాయనశాస్త్రమున ప్రధానములైనవి. అంతచేసినను హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఉద్యోగము లభింపలేదు. 1940లో లెడర్లీ ఔషధసంస్థకు పోయి అచ్చట పరిశోధనలను నడపెను. ఆయన నడపిన బృందము ఫోలికామ్లమును తయారుచేయు విధమును సాధించినది. ఆ యామ్లమునకు విరోధులైన ఔషధములను కూడ రూపొందించినది. వానిలో నొకదానితో బోస్టనునందలి వైద్యుడు సిడ్నీ ఫార్బరు రక్తపు క్యాన్సరు సోకిన పసిబిడ్డలకు కొంతకాలమైనను ఉపశాంతి కలిగింపగలిగి, ఆ వృత్తాంతమును 1948లో ప్రకటించెను. ఆ కోవకు చెందిన మెథోట్రెక్సేటు నేటికిని క్యాన్సరునకును, కీళ్లవాతమునకును వైద్యులు వాడుచున్న మందు. ఆ 1948లోనే సుబ్బారావు తన యేబదిమూడవ యేట మరణించెను. నోబెలు బహుమానము రాలేదు. లోకమున పేరు మ్రోగలేదు. భారతప్రభుత్వము ఆయన శతజయంతికి 1995లో తపాలాబిళ్లను వెలువరించినది. నేటికిని చదువుకొన్న తెలుగువారిలోనే పలువురికి ఆయన పేరు తెలియదు.

ఈ జీవితమును సక్సెస్సు కొలతతో కొలిచినచో ఏమి కనబడును? పరీక్ష తప్పినవాడు, తక్కువ పట్టము పొందినవాడు, కోరిన పదవి దక్కనివాడు. నెరవేర్పు కొలతతో కొలిచినచో, నేడు ఏ దేశపు ఆసుపత్రిలోనో మందు తీసికొని లేచి కూర్చున్న రోగియే కొలతబద్ద. ఆ రోగికి సుబ్బారావు పేరు తెలియకున్నను మందు పనిచేయుట మానదు. పేరు వచ్చుట, రాకుండుట యను వానితో నెరవేర్పునకు ఇసుమంతయు సంబంధము లేదు.

సక్సెస్సు లభించియు నెరవేర్పు మిగిలిపోవుట రెండవ విధము. సంస్కరణోద్యమ చరిత్రమున దీనికి తగిన దృష్టాంతము కలదు. వితంతువులకు పునర్వివాహము చేయవచ్చునని ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు శాస్త్రములనుండియే వాదించి, 1855లో ప్రభుత్వమునకు విన్నపము నంపెను. దానిపై సంతకములు చేసినవారు వేయిమంది కూడ లేరు. దానికి ప్రతిగా రాధాకాంతదేవు పక్షమువారు పంపిన విన్నపముపై ముప్పదివేలకు మించిన సంతకములు పడినవి. అయినను 1856 జూలైలో వితంతువివాహ శాసనము ప్యాసయ్యెను. వ్యవహర్తల దృష్టిలో ఆ దినముతో సక్సెస్సు సంపూర్ణమైనది. శాసనము కాగితముపైకి వచ్చినది. దండలు వేసికొని యింటికి పోవచ్చును. విద్యాసాగరుడు ఇంటికి పోలేదు. కాగితముపై నున్న యనుమతివలన ఒక్క బాలవితంతువు నుదుటనైనను కుంకుమ నిలువదని ఆయన యెఱుగును. ఆ డిసెంబరులోనే కలకత్తాలో మొదటి వివాహమును జరిపించెను. తరువాతి వివాహములకు తన సొమ్ము వెచ్చించి, అప్పులపాలయ్యెను. 1870లో తన కుమారుడే ఒక వితంతువును పెండ్లాడగా సంతోషించెను.

అదే శాసనము తెలుగుదేశమునందును అమలులో నుండెను. అది పుట్టిన యిరువదియైదు సంవత్సరములకు, 1881 డిసెంబరు 11వ తేదీన, రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము తన మొదటి వితంతువివాహమును జరిపించెను. ఊరు కట్టుబాటు చేసినది. వంటవారు రాలేదు, నీళ్లు మోయువారు రాలేదు. ఆయన సహధర్మచారిణి రాజ్యలక్ష్మమ్మ తానే గోదావరినుండి నీళ్లు తెచ్చి, తానే వంట చేసినది. మొదట తోడు నిలిచినవారిలో కొందఱు వెలికి భయపడి ప్రాయశ్చిత్తము చేసికొనిరి. చట్టసభలో లభించిన విజయమునకును, రాజమహేంద్రవరమున ఆ దినమున వండిన అన్నమునకును నడుమనున్న దూరమే సక్సెస్సునకును అచీవుమెంటునకును నడుమనున్న దూరము. సంఘసంస్కరణమును గూర్చి ఉపన్యసించువారు రాజ్యలక్ష్మమ్మ మోసిన బిందెను మఱవకుందురు గాక.

ఇచ్చట ఒక యాక్షేపణ పుట్టును. 'ఓడినవాడు తన్ను తాను ఓదార్చుకొనుటకు ఈ భేదము చక్కగా పనికివచ్చును. పరీక్ష తప్పినవాడు, అంగడి మూసినవాడు, అందఱును మాకు సక్సెస్సు లేకున్నను అచీవుమెంటు కలదని మీసము దువ్వవచ్చును. ఇది సోమరులకు మీరు కట్టించిన సత్రము' అని కొందఱందురు. ఈ యాక్షేపణ త్రోసివేయదగినది కాదు. అయితే దీని బలమంతయు ప్రయత్నమును నెరవేర్పుగా పొరపడుటయందున్నది. ప్రయత్నించితిని అనుటకును, నెరవేర్చితిని అనుటకును భూమ్యాకాశముల దూరము కలదు. అచీవుమెంటు అను మాట పుట్టుకలోనే 'కొస' యున్నదని మొదటనే చెప్పితిని. కొస ముట్టని పనికి ఆ పేరు చెల్లదు. ఆంధ్రులు ఆరంభశూరులని మనకు లోకము పెట్టిన పేరు ఊరక వచ్చినది కాదు. గ్రంథాలయమునకు శంకుస్థాపన చేయుదుము, గోడలు లేవవు. మాసపత్రికను ప్రారంభింతుము, మూడవ సంచిక వెలువడదు. స్త్రీవిద్యాసంఘమునకు అధ్యక్షుని, ఉపాధ్యక్షుని, కార్యదర్శిని ఎన్నుకొందుము. విద్యార్థిని యొకతెయైనను ఉండదు. ప్రారంభోత్సవమునకు వచ్చిన జనసమూహమును చూచి సక్సెస్సని సంతోషింతుము. ఇట్టివారికి నెరవేర్పు కొలత ఓదార్పు కాదు, కొరడా. చప్పట్లు కొట్టినవారెందఱని అది అడుగదు. పని యేమైనదని యడుగును.

వేఱొక వైపునుండి మఱియొకరు వచ్చి, 'భగవద్గీత ఫలాపేక్షను విడువుమని చెప్పుచుండగా మీరు కొసను గూర్చి మాటలాడుట యేల?' అని యడుగవచ్చును. ఫలముపై హక్కు కోరకుమనుట వేఱు, పనిని సగములో విడుచుట వేఱు. కుండను చక్కగా కాల్చి దింపుట కుమ్మరి ధర్మము. అది ఏ ధరకు అమ్ముడుపోవునో యని ఆవమువద్ద కూర్చుండి దుఃఖించుట ఆతని ధర్మము కాదు. పచ్చికుండను దింపి, నేను ఫలాపేక్ష లేనివాడననుట వేదాంతమగునా?

సక్సెస్సు హేయమైనదని కూడ నేను చెప్పుటలేదు. ధర పలుకని పంటతో రైతు బ్రదుకలేడు. ధనసాయము లేనిదే సంస్కరణము నడువదు. కాకినాడలోని పైడా రామకృష్ణయ్య వంటివారు సొమ్ము నిచ్చి యుండనిచో వీరేశలింగమునకు ఆ కార్యము మఱింత దుర్భరమై యుండును. మంచి పనికి పేరు వచ్చినచో అది మఱి పదిమందిని ఆ పనికి పురికొల్పును. సక్సెస్సు వచ్చినపుడు కృతజ్ఞతతో గైకొనవలయును. దానిని మనుష్యుని విలువకు గుర్తుగా మాత్రము ఎంచరాదు. వెనుక వచ్చుదానిని ముందు నిలిపి నడచువాడు త్రోవ తప్పును.

ఇక ఇంటి విషయమునకు వత్తము. మన బిడ్డలను మనమే కొలతతో కొలుచుచున్నాము? 2019 ఏప్రిలులో తెలంగాణమున ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిమ్మట, కొలది దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఫలితములను సిద్ధపఱచుటలో తప్పులు దొర్లినవని ప్రభుత్వము నియమించిన విచారణసంఘమే తెలిపెను. తప్పినవారి పత్రములను మరల పరిశీలింపగా వేయిమందికి మించి ఉత్తీర్ణులైరి. ఈ వృత్తాంతమును చదివి కన్నీరు విడిచి ఊరకుండుట చాలదు. సక్సెస్సు పరులచేతినుండి వచ్చునది. ఆ చేయి జాఱవచ్చును, తప్పు లెక్కింపవచ్చును. అట్టిదానిని పదునేడేండ్ల బిడ్డ తన ప్రాణముతో సమానమని యెట్లు నమ్మెను? ఎవరు నమ్మించిరి? పరీక్ష జరుపువారి దోషము వారిదే. దానిని కప్పిపుచ్చ నవసరము లేదు. కాని లెక్క సరిగా వేసిన యేట తప్పిన బిడ్డ మాత్రము విలువలేని దగునా? ఆ నమ్మకమును నూరిపోసినవారిలో మన మున్నామా, లేమా?

ఇప్పుడు 'సాధించు' అను మాటలోని చిక్కును చెప్పెదను. తెలుగున ఈ మాటకు రెండర్థములు. పనిని నెరవేర్చుట యొకటి. అత్త కోడలిని సాధించినట్లు దినదినమును మాటలతో పొడుచుట రెండవది. ప్రపంచమున ఏదైన సాధింపుమని బిడ్డను పంపు తలిదండ్రులు తెల్లవాఱినది మొదలు ప్రొద్దుగ్రుంకువఱకు ఆ బిడ్డను సాధించుచుందురు. ప్రక్కింటి పిల్లవాని ర్యాంకును ఎత్తిచూపుదురు. వసతిగృహమునకు కట్టిన సొమ్మును గుర్తుచేయుదురు. మొదటి యర్థము బిడ్డకు, రెండవ యర్థము తమకు పంచుకొందురు. సాధింపువలన సాధన పుట్టిన యిల్లు నాకు కనబడలేదు.

కుమారుని సక్సెస్సు వరకట్నపు బజారులో వెలగా మాఱుటయు, కుమార్తె సక్సెస్సు వరుని ఉద్యోగమును బట్టి నిర్ణయింపబడుటయు ఈ పొరపాటునకే శాఖలు. ముప్పదియేండ్లు ఇంటిని నిలిపి, రోగులకు సేవచేసి, బిడ్డలకు అక్షరములు దిద్దించిన యిల్లాలిని మీరేమి చేయుచున్నారని యడిగినచో 'ఏమియు లేదండీ, ఇంటిలోనే యుందును' అని తల వంచుకొని చెప్పును. సర్టిఫికెట్టు లేదు, జీతము లేదు, సన్మానము లేదు. కావున ఏమియు చేయలేదని ఆమెయే నమ్మినది. నెరవేర్పునకు నిండిన యింటిలో కూర్చుండి తాను శూన్యనని యనుకొనుటకంటె శోచనీయ మేమి కలదు? ఆమె పనికి పేరు పెట్టి చెప్పుట, ఆ పనిని పంచుకొనుట ఇంటివారి విధి.

తెలుగు భాషయే మనకు ఒక ఉపాయమును నేర్పుచున్నది. మార్కులు 'వచ్చినవి', ర్యాంకు 'వచ్చినది', పేరు 'వచ్చినది' యందుము. ఇవి యన్నియు భూతకాలములు. వచ్చిన దినము గడచిపోయినది. వచ్చినవి పోవను వచ్చును. మఱి ఈ బాలునకు ఈత 'వచ్చును', ఈ బాలికకు లెక్కలు 'వచ్చును', ఈ తల్లికి నేత 'వచ్చును' అని కూడ నందుము. దీనిని వ్యాకరణవేత్తలు తద్ధర్మ మందురు. ఇది నిన్నటికి చెందదు, నేటితో ముగియదు, ఆ మనిషితోనే యుండును. ఈత వచ్చినవానికి ఏ పరీక్షాధికారియు ఈత రాదని వ్రాసి దానిని తీసివేయలేడు. ఏటిలో పడినప్పుడు వాడు ఒడ్డు చేరును.

బిడ్డ పాఠశాలనుండి కాగితముతో ఇంటికి వచ్చినపుడు 'ఎన్ని వచ్చినవి?' అని యడుగుట మన యలవాటు. దానిని మానుమనుట కష్టము, మానకున్నను పరవాలేదు. ఆ ప్రశ్నకు ముందు, కాళ్లు కడిగించి అన్నము పెట్టి, 'అమ్మా, నీకు ఇప్పుడేమి వచ్చును?' అని యొకసారి యడిగి చూడుడు. ఆ బిడ్డ చెప్పునది తీరికగా వినుడు.